ఎండిన చెరువులో మా ఇల్లు

సహోదరులారా, అక్కచెల్లెళ్లారా, ప్రభువు నామంలో మీకందరికీ వందనాలు. నన్ను మీ ఎదుట ఇంకా ఊపిరితో నిలబెట్టిన దేవునికి స్తోత్రం చెప్పి మొదలుపెడతాను. మైకులో మాట్లాడటం నాకు అలవాటు లేదు, ఎక్కడైనా తడబడితే మన్నించండి. పాస్టరయ్యా, తొందరగా ముగించమని మాత్రం ఈ ఒక్క పూటకు నాకు సైగ చేయవద్దు!

నా పేరు సుశీల. బాగేపల్లి దగ్గర విశ్వాసుల ఇంట్లో పుట్టి, చింతామణి పక్క పల్లెకు కోడలిగా వచ్చాను. మా ఆయన నారాయణప్పను మీలో చాలామంది ఎరుగుదురు, చంద్రికల నారాయణప్ప అంటారు. పట్టుపురుగు మేపే ఇళ్లవాళ్లకు చంద్రిక అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను, అది మంచమంత వెదురు తడిక, దాని మీద సన్నని బద్దలు చుట్టలు చుట్టలుగా నిలబెట్టి ఉంటాయి, మేత మానేసి పండిన పురుగును దాని మీద వదిలితే ఆ సందుల్లో గూడు కట్టుకుంటుంది. ఆ చంద్రికలు అల్లడం, తెగినవి బాగుచేయడం, పురుగు పండిన ఇంటికి బాడుగకు ఇచ్చి గూళ్లు విడిపించాక తిరిగి తెచ్చుకోవడం, ఇదే మా పని.

మేమున్న ఇంటిని యజమాని పడగొట్టి అంగళ్లు కట్టుకున్నాడు. ఇంకో ఇల్లు చూద్దామంటే మా చంద్రికల గుట్టను చూసిన ప్రతివాళ్లూ తల అడ్డంగా ఊపినవాళ్లే! చివరికి మా ఆయన ఒక పాత స్కూలు వ్యాను తెచ్చి, సీట్లు పీకేసి, పైన కారియరూ వెనక ఇనుప నిచ్చెనా పెట్టించి, "ఇదే మన ఇల్లు, యాడ పనుంటే ఆడికి పోతాం" అన్నాడు. బెంగళూరులో చదువుకున్న పిల్లలు ఇట్లాగే వ్యానులో కాపురం పెట్టి ఊర్లు తిరుగుతూ ఫోన్లో వీడియోలు పెడతారంట, దానికి వ్యాన్ లైఫ్ అని ఇంగ్లీషులో ఒక పేరు కూడా ఉందంట, వాళ్లను చూసి అందరూ ఆహా అంటారంట. మేం తిరిగితే మాత్రం "పాపం, ఇల్లు లేనోళ్లు" అన్నారు.

సహోదరులారా, ఆ రోజులు నాకు చీకటి రోజులు. ఎండాకాలంలో ఆ రేకుల కింద అన్నం వండితే అన్నంతోపాటు మేమూ ఉడికిపోయేవాళ్లం, స్నానానికి చీర అడ్డం, మిగతా అవసరాలకు చెట్టు చాటు. అన్నిటికంటే పెద్ద దిగులు పొద్దు వాలేసరికి వచ్చేది, ఈ పూట ఎక్కడ నిలపాలి అని. రోడ్డు పక్క నిలిపితే పొమ్మంటారు, స్కూలు ముందు నిలిపితే మేష్ట్రు పొమ్మంటారు, తోట పక్కన నిలిపితే కాయలు కోసుకుపోతామని కాపలా పెడతారు! ప్రార్థనలో నేను అడిగేది ఎప్పుడూ ఒకటే, ప్రభువా ఒక గోడ ఇవ్వు, ఒక గడప ఇవ్వు అని.

మాతోపాటు మా అత్త మునెమ్మ కూడా ఆ వ్యానులోనే. మా ఆయన పెళ్లయ్యాక ప్రభువును నమ్ముకున్నాడు కానీ ఆమె నమ్ముకోలేదు. మంచి మనిషే, నోరు మాత్రం కత్తి. సాయంత్రం నేను ప్రార్థనకు కూర్చుంటే ఆమె లేచి వెళ్లి వ్యాను మెట్టు మీద అటు తిరిగి కూర్చుని ఆకువక్క నమిలేది. ఆ మెట్టు దిగడానికి కూడా మోకాళ్ల నొప్పితో నా భుజం పట్టుకోవాలి, అయినా దిగేది! ప్రార్థన అయ్యాక నన్ను చూసి, "నువ్వు ఇల్లు అడిగితే మీ దేవుడు చక్రాలు ఇచ్చినాడే. నీ మాట ఆయప్పకు సరిగ్గా ఇనపడ్తాండాదా లేదా?" అని దెప్పేది. నాకు ఏడుపూ వచ్చేది, నవ్వూ వచ్చేది.

ఇట్లా తిరిగి తిరిగి సాదలికి ఇవతల ఒక ఊరి చెరువులో నిలిపాం. ఊరి పేరు చెప్పను, వాళ్లు నా పాలిట దేవుడు పంపిన మనుషులు, వాళ్లకు చెడ్డపేరు రాకూడదు. చెరువులోనా అని దూరంనుంచి వచ్చినవాళ్లు నోరు తెరుస్తారేమో కానీ ఈ సీమలో పుట్టినవాళ్లు తెరవరు. మన చెరువుల్లో ఏముందమ్మా, సర్కారు తుమ్మ చెట్లు తప్ప! పిల్లలు క్రికెట్ ఆడేది చెరువులోనే, రాగులు ఆరబెట్టేది చెరువులోనే, మా ఆయన చిన్నప్పుడు టెంపో నేర్చుకున్నది కూడా ఇట్లాంటి చెరువులోనే. చదునుగా ఉంటుంది, నీడ ఉంటుంది, ఎవరూ పొమ్మనరు. ఇంతకంటే మంచి జాగా చూపించు ప్రభువా అని నేను కూడా అడగలేదు.

మా అత్త ఒక్కతే కట్ట మీదనుంచి ఆ చెరువును అదోలా చూసింది. ఆమె పుట్టిల్లు ఆ పక్కనే, చిన్న వయసులో అది నిండింది చూసిన మనిషి. "చెరువంటే చెరువే నారాయణా. నీళ్లు వాటి దావ మర్చిపోవు" అంది. మా ఆయన పకపకా నవ్వి, "ఈ చెరువుకు నీళ్లొస్తే నా మీసం గొరిగించుకుంటా పోమ్మా" అని ఊరివాళ్ల ముందు మీసం దువ్వాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ ఏడు వానలు లేక మల్బరీ తోటలు కాడలై నిలబడ్డాయి. ఆకు లేకపోతే పురుగు మేపరు, పురుగు మేపకపోతే మా చంద్రికలు ఎవరికి కావాలి? ఈ సంఘంలో ప్రతి ఆదివారం వాన కోసం ప్రార్థించాం, మీకు గుర్తుంది కదా, అందరికంటే గట్టిగా అరిచింది నేనే! మైకు లేకపోయినా రోడ్డు మీదికి వినిపించిందని వెనక వరుస అక్కలు నన్ను ఆటపట్టించారు కూడా.

దేవుడు విన్నాడు. ఎట్లా విన్నాడంటే, ముందు మెల్లగా జల్లు, తోటలు చిగురించాయి, పురుగు మేపడం మొదలుపెట్టారు, మా చంద్రికలు కదిలాయి, నేను వ్యాను ముందు నిలబడి తడుస్తూ స్తోత్రం చెప్పాను. తరవాత వాన పెద్దదైంది. తెరిపి లేకుండా కురిసింది. చెరువు అడుగు బంకమట్టి కదా, వ్యాను చక్రాలు సగం దాకా దిగబడ్డాయి. మా ఆయన ముందుకూ వెనక్కూ కదిపి చూశాడు, ఇంకా దిగబడింది. ఊర్లో ట్రాక్టరు పిలుచుకొస్తానని పోతే, వాళ్లు "ఎగువ చెరువు నిండాల, అది మరవ పోవాల, ఆ తర్వాతే గదప్పా ఇక్కడికి నీళ్లు? అది నిండేలోగా మన మనవళ్లకు పెండ్లిళ్లవుతాయి. రేపు వస్తాం పో" అన్నారు. చెరువు నిండి రాతికట్ట మీదుగా నీళ్లు పొర్లి పోవడాన్ని మేం మరవ పోవడం అంటాం. ఎగువ చెరువు మరవ పోయింది చూసినవాళ్లు ఆ ఊర్లో ముసలివాళ్లు తప్ప ఎవరూ లేరు, వాళ్లను మాత్రం ఏమని తప్పుపట్టను?

తెల్లవారి వాన నిలిచి ఎండ కాసింది. అంతలో పక్క ఊరి రైతు ఆటో వేసుకొని పరుగున వచ్చాడు, పురుగు పండిపోయింది, చంద్రికలు కావాలి అని. పండిన పురుగు ఎవరి కోసమూ ఆగదు సహోదరులారా! చంద్రిక మీద వేయడం ఆలస్యమైతే మేతలోనే దారం కక్కేస్తుంది, ఆ ఇంటివాళ్ల కష్టమంతా నేలపాలు. అక్కడ ఇంటిల్లిపాదీ చేతులు వేసినా చాలదు. మేమిద్దరం వెళ్లక తప్పదు, చంద్రికలతో నిండిన ఆ ఆటోలో అత్తను ఎక్కించే జాగా లేదు. ఆమె మా ముఖాలు చూసి, "పోండి పోండి, నేనేం చంటిబిడ్డనా? ఎండ కాస్తాండాది గదా" అంది. ఆమె పక్కన ఫ్లాస్కులో టీ పెట్టి, ఆకువక్క సంచి చేతికిచ్చి, మిగిలిన చంద్రికలు వ్యాను పైన కారియరులో నిలువుగా కట్టి వెళ్లిపోయాం.

మధ్యాహ్నం దాకా వంచిన నడుం ఎత్తలేదు. పచ్చగా మెరుస్తున్న పురుగులను ఏరి చంద్రికల మీద చల్లుతుంటే బయట తమటల మోత వినిపించింది, డప్పులను మేం తమటలంటాం. ఈ పూట పండగేమీ లేదే అనుకున్నాను. ఆ ఇంటి ఇల్లాలు లోపలికి పరుగెత్తుకొచ్చి, కళ్లనిండా నీళ్లతో నవ్వుతూ, "ఎగువ చెరువు మరవ పోతాండాదమ్మా! నా పెండ్లైనంక ఇదే మొదటిసారి చూసేది!" అని నా నోట్లో బెల్లం ముక్క పెట్టింది. ఇంకో ముక్క మా ఆయన నోట్లో. నేను ఆమె చేతులు పట్టుకొని దేవునికి స్తోత్రం అన్నాను. అన్నాక, ఆ బెల్లం కరగకముందే, నాకు అర్థమైంది. మా ఆయన వైపు చూశాను. ఆయన ముఖంలో రక్తం లేదు.

ఎట్లా ఆటో ఎక్కామో, ఎవరు నడిపారో నాకు గుర్తులేదు. దారిలో వంక పొంగి రోడ్డు మీద పారుతుంటే ఆటో దిగి, ఒకరి చెయ్యి ఒకరం పట్టుకుని మోకాటి లోతు నీళ్లలో దాటాం. చెరువు కట్ట ఎక్కేసరికి, అమ్మలారా, ఊరంతా అక్కడే ఉంది! ఆడవాళ్లు పసుపు కుంకుమ, టెంకాయలతో గంగపూజ చేస్తున్నారు, మగవాళ్లు తమటలు కొట్టుకుంటూ ఎగురుతున్నారు, పిల్లలు ఫోన్లు పట్టుకొని తీస్తున్నారు. వాళ్ల సంతోషం తప్పు కాదు, ఎన్నేళ్ల దాహం అది! వాళ్లంతా ఎగువనుంచి నీళ్లు దూకి వస్తున్న వైపు తిరిగి ఉన్నారు, మేం ముగ్గురమూ ఆటోలో పోయామనుకున్నారంట. తుమ్మ చెట్ల వైపు చూసింది మేమిద్దరమే. అక్కడ ఎర్రటి నీళ్లలో కిటికీల దాకా మునిగి మా ఇల్లు. కిటికీల్లో ఎవరూ లేరు. పైన నిలువుగా కట్టిన చంద్రికలు తప్ప ఏమీ కనిపించలేదు.

"అత్తా!" అని అరిచాను. నా గొంతు నాకే వినిపించలేదు, తమటల మోతలో కలిసిపోయింది. మా ఆయన నీళ్లలోకి దూకబోయాడు, ఆయనకు ఈత రాదు, నేనే చొక్కా పట్టి లాగాను. అప్పుడు ఆ బురద కట్ట మీద మోకాళ్లు వేసి నేను చేసిన ప్రార్థన ఇది, ఇందులో అలంకారం ఏమీ లేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

"ప్రభువా, ఈ వాన నేనడిగిందే. గొంతు పోయేదాకా నేనే అడిగినా. నువ్వు ఇచ్చినావు. ఆమె నిన్నేమీ అడగలేదు గదా స్వామీ, ఆమెను యాల ముంచుతావు? ఆమె నిన్ను ఎరగదు, నువ్వు ఆమెను ఎరుగుదువు. నాకు ఇల్లు వద్దు, గోడ వద్దు, గడప వద్దు. ఆమె గొంతు ఒక్కసారి ఇనిపియ్యి. నన్ను తిట్టినా సరే, ఇనిపియ్యి తండ్రీ!"

పూజ చేస్తున్న ఒకమ్మ నన్ను చూసింది. గంగమ్మకు మొక్కుతున్నాననుకుందంట మొదట, తర్వాత నా చెయ్యి చూపించే వైపు చూసి పళ్లెం కింద పడేసి, "తమటలు నిలపండప్పా! చెరువులో మనిషుండాది!" అని కేక పెట్టింది. ఒక్కసారిగా మోత ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో, దేవునికే మహిమ, వ్యాను పైన చంద్రికల వెనకనుంచి మా అత్త గొంతు ఖంగున మోగింది!

"ఒరేయ్ నారాయణా! ముందు ఆ మీసం గొరిగించుకోరా!"

నేను ఏడ్చానో నవ్వానో చెప్పలేను. కట్ట మీద అందరూ ఒక్కసారి గొల్లుమన్నారు, కళ్లు తుడుచుకున్నారు కూడా. ఆ తర్వాత ఆ ఊరి మగవాళ్లు చూపించిన చురుకు నేను బతికినన్నాళ్లూ మరవను. మనిషి దిగితే ఆ బురదలో నడుం దాకా కూరుకుపోతాడు, నడిచిపోయే మార్గం లేదు. నీళ్లు ఇంకా పైకి వస్తున్నాయి. ఒకాయన తన ట్రాక్టరు టైర్లు విప్పి ట్యూబులు తెచ్చాడు, మా ఆయన ఊర్లో ఒక రైతుకిచ్చిన చంద్రిక తెచ్చి ఆ ట్యూబుల మీద పరిచి తాళ్లతో బిగించాడు, కట్టడం ఆయన పనే కదా, ఒక్క ముడి తప్పకుండా కట్టాడు. ఈత వచ్చిన ఇద్దరు నడుముకు తాడు కట్టుకొని దాన్ని తోసుకుంటూ వెళ్లారు, తాడు రెండో కొస కట్ట మీద ఊరంతా పట్టుకుంది. నేనూ పట్టుకున్నాను. నా ముందు కుంకుమ బొట్లు పెట్టుకున్న అమ్మలు, నా వెనక తమట కొట్టిన అన్న. ఎవరు ఎవరిని మొక్కుకున్నారో నాకు తెలియదు, తాడు మాత్రం ఒకటే.

మా అత్తను చంద్రిక మీద పడుకోబెట్టి తెచ్చారు. వ్యాను కారియరుకు తన చీర కొంగుతో తానే కట్టుకొని కూర్చుందంట! గట్టుకు చేరాక నేను మీద పడి ఏడుస్తుంటే నన్ను కొంచెం పక్కకు తోసి, "పండిన పురుగు మాదిరి నన్నూ చంద్రిక మీద ఏసుకొచ్చినారు గదప్పా! ఇంక గూడు కట్టుకునేది ఒకటే మిగిలుండాది" అంది. ఆ తర్వాత ఆకువక్క సంచి తడిసిందని వాపోయింది. ఆ మాట విన్నాకే నా గుండె కుదుటపడింది.

ఆ సాయంత్రమే మా ఆయన మంగలి దగ్గర కూర్చుని మాట నిలబెట్టుకున్నాడు, ఊరివాళ్లు తమటలు కొట్టి మరీ సాగనంపారు. మా చంద్రిక తీసుకున్న ఆ ఊరి రైతు తన పాత పురుగుల షెడ్డు తుడిచి మాకిచ్చాడు. నీళ్లు తగ్గేదాకా మా వ్యాను చెరువులోనే ఉంది, దాని నెత్తిన కొంగలు కాపురం పెట్టాయి. తర్వాత జేసీబీతో లాగించి బాగుచేయించుకున్నాం, మళ్లీ అందులోనే ఉంటున్నాం. కానీ ఇప్పుడు మా ఇల్లు కైవార దారిలో ఒక పెద్ద బండ మీద నిలబడి ఉంది, నిజమైన బండే! పాస్టరయ్య చూసి నవ్వి, "సుశీలమ్మా, ఇల్లు బండ మీద కట్టుకోవాలన్న నా ప్రసంగం ఇప్పటికి అర్థమైందా?" అన్నారు. అందుకే చెబుతున్నాను, వానకోసం ప్రార్థించండి, గట్టిగా ప్రార్థించండి, కానీ ఇల్లు చక్రాల మీదున్నా సరే, చెరువులోనూ వంకలోనూ నిలపవద్దు. ఎన్నేళ్లు ఎండినా అది నీళ్ల ఇల్లు.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను. షెడ్డులో మొదటి సాయంత్రం నేను ప్రార్థనకు కూర్చుంటే మా అత్త బయటికి పోలేదు. వచ్చి నా పక్కనే, మోకాలు మోకాలికి తగిలేటట్టు కూర్చుంది. ఆమెన్ అన్నాక నేను ఉండబట్టలేక అడిగాను, అత్తా, మెట్టు దిగడానికే నా భుజం కావాలి కదా నీకు, ఆ నిచ్చెన ఎట్లా ఎక్కావు అని. ఆమె తడిసిన సంచి విప్పి ఆకులు ఒక్కొక్కటే పరిచింది. తర్వాత చెప్పింది.

"నీళ్లు పరుపు దాకా వచ్చినాయి. నిచ్చెన పట్టుకున్నా, మోకాళ్లు లేయలేదు తల్లీ. నాకు తెలిసిన దేవుళ్లనందర్నీ పిల్చినా. కడాకు నువ్వు పొద్దూకులా కండ్లు మూసుకొని మాట్లాడతావే, ఆయప్ప గ్యాపకమొచ్చినాడు. ఎంత తడుముకున్నా పేరు నోటికి రాలేదు, అటు తిరిగి కూచొనుంటి గదా ఇన్నేండ్లూ. అందుకని, 'మా సుశీల దేవుడా, నేను సుశీలావాళ్ల అత్తను, నన్ను పైకి లేపప్పా' అన్నా. అంతే. ఎట్ల ఎక్కినానో నాకే తెలీదు."

సహోదరులారా, నేను ఒక గోడ అడిగాను, గడప అడిగాను. ఆ రోజు నాకు ఇంకేమీ అక్కర్లేకపోయింది. నా మొర దేవుడు వింటున్నాడో లేదో అని నేను వ్యానులో కూర్చుని దిగులుపడిన సాయంత్రాలన్నీ, అటు తిరిగి ఆకువక్క నములుతూ ఆమె వింటూనే ఉంది!

ఈ కూడికకు కొత్తగా వచ్చినవాళ్లు ఉన్నారు. మీకు ప్రార్థన చేయడం రాదేమో, మాటలు తెలియవేమో. భయపడకండి. మీ మెడ దాకా నీళ్లు వచ్చిన రోజున ఆయన పేరు నోటికి రాకపోతే, మీ ఇంట్లో రోజూ కళ్లు మూసుకొని మాట్లాడే మనిషి ఒకరు ఉంటారు కదా, తల్లో, భార్యో, కోడలో, ఆ మనిషి పేరు చెప్పి పిలవండి. ఆయన పలుకుతాడు. మా అత్తకు పలికాడు. ఆమె ఇక్కడే ఉంది, ఆ కిటికీ పక్కన. అత్తా, ఒకసారి లేచి నిలబడు, అందరూ నిన్ను చూడాలి.

ఏమిటి, మోకాళ్లు నొప్పా? సరే సరే, కూర్చునే చెయ్యెత్తు, చాలు. దేవునికే మహిమ!